మాయమైన మచ్చలు



ఢిల్లీలో గాని, పక్కనున్న గుర్‌గావ్, నోయిడాలలో గాని ఏ పెద్ద వీధిలో నడిచినా రెండు మూడు స్కానింగ్ కేంద్రాల బోర్డులు కనిపిస్తాయి. మన హైదరాబాదు, విజయవాడల సంగతీ అంతే. తలనొప్పి అనో, నడుంనొప్పి అనో, ఒక్కోసారి ఏ నొప్పీ లేకుండానే 'చెకప్' పేరుతోనో మనిషి ఆ యంత్రంలోకి వెళ్తాడు. మర్నాటికి ఒక పెద్ద కవరు చేతికి వస్తుంది. దేనికోసం వెతికారో దాని గురించి 'ఏమీ లేదు' అని రాసి ఉంటుంది. దాని కింద ఇంకో వాక్యం ఉంటుంది. ఎవరూ వెతకని చోట, ఎవరూ అడగని ఒక మచ్చ! ఆ వాక్యం చదివాక ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర పట్టదు.

ఆ భయాన్ని ఈ పాఠంలో చరిత్ర వైపు నుంచి చూద్దాం. మచ్చ ఉందని యంత్రం చెబుతుంది. అది ఏమిటో, వదిలేస్తే ఏమవుతుందో యంత్రానికి తెలియదు. అది తెలియాలంటే అలాంటి మచ్చ ఉన్న ఎందరినో కొన్నేళ్ళపాటు ఓపికగా గమనించాలి. కాబట్టి కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ, కనిపించడానికీ అర్థం కావడానికీ మధ్య కొన్నేళ్ళ ఎడం ఉంటుంది. ఆ ఎడంలో జబ్బుపడినవాళ్ళ పరిస్థితి ఏమిటి? దీనికి మంచి ఉదాహరణ కోసం మనం విదేశాలకు వెళ్ళక్కర్లేదు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, అంటే అందరూ పిలిచే ఎయిమ్స్, దానికి కొద్ది దూరంలో హర్యానాలోని రోహ్‌తక్, దక్షిణాన తమిళనాడులోని వెల్లూరు ఈ కథకు ముఖ్యమైన స్థలాలు.

ముందు యంత్రం సంగతి. 1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. అవి ఎముకను బాగా చూపించాయి గాని, పుర్రె లోపల మెత్తగా ఉండే మెదడును చూపించలేకపోయాయి. 1919లో అమెరికా వైద్యుడు వాల్టర్ డాండీ ఒక ఉపాయం ఆలోచించాడు. వెన్నులోని ద్రవాన్ని కొంత తీసి, దాని బదులు గాలి ఎక్కించి ఎక్స్-రే తీస్తే మెదడులోని ఖాళీల ఆకారం తెలుస్తుంది. 1927లో పోర్చుగల్‌లో ఎగాస్ మోనిజ్ మెదడుకు వెళ్ళే ధమనిలోకి మందు ఎక్కించి రక్తనాళాలను ఫోటో తీశాడు. రెండూ గొప్ప పద్ధతులే, కాని రోగికి నరకం. గాలి ఎక్కించిన మనిషి భరించలేని తలనొప్పితో, వాంతులతో గంటలకొద్దీ బాధపడేవాడు. అందుచేత ప్రాణం మీదికి వచ్చిందన్న అనుమానం ఉంటే తప్ప ఎవరికీ ఈ పరీక్షలు చేసేవారు కారు. ఒక్కసారి మూర్ఛ వచ్చి తర్వాత హాయిగా తిరుగుతున్న కుర్రవాడి మెదడులోకి తొంగిచూసే అవసరం గాని, ధైర్యం గాని ఎవరికీ ఉండేది కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సి.టి. యంత్రంతో మొదటి రోగికి పరీక్ష జరిగింది. ఎక్స్ కిరణాలను తల చుట్టూ తిప్పుతూ వేల కొలతలు తీసి, కంప్యూటర్ లెక్కల ద్వారా మెదడును పొరలు పొరలుగా చూపించే యంత్రం అది. ఆ లెక్కల గణితాన్ని అలన్ కార్మాక్ విడిగా ఆలోచించి పెట్టాడు. ఇద్దరికీ 1979లో నోబెల్ బహుమతి వచ్చింది. తొలి బొమ్మలో అడ్డంగా 80, నిలువుగా 80 గడులు, అంటే మొత్తం 6,400 చుక్కలే. ఇవాళ మీ జేబులోని ఫోన్ తీసే ఫోటో ముందు అది ముగ్గు లాంటిది. అయినా సూది గుచ్చకుండా, గాలి ఎక్కించకుండా బతికున్న మనిషి మెదడు కనిపించింది. నొప్పి పోయింది కనుక పరీక్ష తేలికైంది. తేలికైంది కనుక చిన్న జబ్బు ఉన్నవాళ్ళకీ చేయడం మొదలైంది. చిన్న జబ్బు ఉన్నవాళ్ళకు చేసేసరికి, అంతకు ముందు ఏ వైద్యుడూ చూసి ఎరగని మచ్చలు కనిపించసాగాయి.

మన దేశంలోని పెద్ద ఆసుపత్రులకు సి.టి. 1970ల చివర, 1980ల మొదట్లో వచ్చింది. ఆ రోజుల్లో న్యూరాలజీ విభాగానికి వచ్చే ఒక మామూలు రోగిని ఊహించుకోండి. పదిహేను, ఇరవై ఏళ్ళ వయసు. ఒకసారో రెండుసార్లో ఫిట్స్ వచ్చాయి, తరచుగా ఒక చేయో, ముఖంలో ఒక పక్కో కొట్టుకోవడంతో మొదలై. పరీక్ష చేస్తే చూపు, నడక, మాట అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఇదివరకైతే మందు రాసి పంపించేవారు. ఇప్పుడు సి.టి. తీశారు. నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసిన బొమ్మలో, మెదడు ఉపరితలానికి దగ్గరగా ఉంగరంలా మెరిసే చిన్న మచ్చ. చాలావరకు రెండు సెంటీమీటర్ల కన్నా చిన్నది. దాని చుట్టూ నల్లగా వాపు.

ఏమిటది? నాటి వైద్యుల మనసులో మొదట మెదిలిన జవాబు క్షయ. అది తొందరపాటు ఆలోచన కాదు. మెదడులో క్షయ గడ్డ కట్టడాన్ని ట్యూబర్కులోమా అంటారు. సి.టి. రాకముందు మన దేశంలో మెదడు గడ్డలని ఆపరేషన్ చేసి తీసిన వాటిలో గణనీయమైన భాగం ట్యూబర్కులోమాలే. ఎయిమ్స్ రేడియాలజిస్టు స్నేహ్ భార్గవ, అక్కడి న్యూరోసర్జరీ విభాగాన్ని నిర్మించిన ప్రకాశ్ నారాయణ్ టాండన్ కలిసి సి.టి.లో ఈ గడ్డలు ఎలా కనిపిస్తాయో 1980లో ఒక బ్రిటిష్ పత్రికలో వివరించారు. (స్నేహ్ భార్గవ 1984లో ఎయిమ్స్ డైరెక్టర్ అయ్యారు. ఆ పదవిలోకి వచ్చిన తొలి మహిళ ఆమే.) ఉంగరంలా మెరిసే మచ్చ, క్షయ నిండిన దేశం. రెండూ కలిపి చూస్తే ఇంకేం అనుకుంటారు?

దాంతో ఆ పిల్లలకు క్షయ మందులు మొదలయ్యాయి. ఏడాది, ఏడాదిన్నర పాటు రోజూ మింగాలి. వాటిలో కొన్ని కాలేయాన్ని దెబ్బతీయవచ్చు. కొందరికి పుర్రె తెరిచి గడ్డ తీశారు. మందుల ఖర్చు ఒక ఎత్తు. 'మెదడులో టీబీ' అన్న మాట మోయడం ఇంకో ఎత్తు, ముఖ్యంగా పెళ్ళీడు ఆడపిల్ల ఉన్న ఇంట్లో.

కొన్ని నెలల తర్వాత మళ్ళీ సి.టి. తీస్తే మచ్చ లేదు! మందు పనిచేసిందని రోగి, వైద్యుడు ఇద్దరూ సంతోషించారు. ఇక్కడ మన భాషలోని ఒక మంచి మాట గుర్తుకు రావాలి. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో పండు రాలింది. కాకి వాలబట్టే పండు రాలిందని చూసినవాడు అనుకుంటాడు. కాకతాళీయం అనే మాట పుట్టింది అందులోంచే. వైద్యంలో ఈ కాకిని పట్టుకోవడం చాలా కష్టం. మందు ఇవ్వకపోతే ఏమయ్యేదో తెలిస్తే గాని, మందు ఇవ్వడం వల్ల ఏమైందో చెప్పలేం.

అనుమానం రెండు వైపుల నుంచి వచ్చింది. ఒకటి, కొందరిలో మచ్చ వారాల్లోనే మాయమవుతోంది. క్షయ గడ్డ అంత తొందరగా కరగదు. రెండు, క్షయ మందులు వేసుకోకుండా కేవలం ఫిట్స్ మందు వాడినవాళ్ళలో కూడా మచ్చ పోతోంది. 1987లో ఎయిమ్స్ వైద్యులు గౌలాటియా, వర్మ, మిశ్రా, అహుజా 'ఎపిలెప్సియా' అనే అంతర్జాతీయ పత్రికలో ఈ మాయమయ్యే మచ్చల గురించే ప్రచురించారు. అదే సంవత్సరం పుణె నుంచి వాడియా బృందం ఇలాంటి రోగుల గురించి రాసింది. 1989లో రోహ్‌తక్ వైద్యకళాశాలకు చెందిన బన్సల్, ఆయన సహచరులు భారతీయ మూర్ఛ రోగుల్లో 'వచ్చి పోయే' ఈ మచ్చలను ఒక చిక్కుముడిగా వర్ణించారు. అదే ఏడాది ఎయిమ్స్‌లోని అహుజా బృందం నేరుగా ప్రశ్న వేసింది. దీనికి కారణం క్షయా, లేక సిస్టిసర్కోసిసా? ఈ పత్రాల్లో నాకు నచ్చేది ఆ ప్రశ్నార్థకమే. ఏళ్ళ తరబడి తామే ఇస్తూ వచ్చిన చికిత్స మీద, తమ ఆసుపత్రి రికార్డుల ఆధారంగా, అందరి ముందూ వేసుకున్న ప్రశ్న అది. ఆ రోజుల్లో ఇంకా చాలా ఊహలు వచ్చాయి. మూర్ఛ రావడం వల్లనే మెదడులో తాత్కాలికంగా మచ్చ ఏర్పడుతోందని కొందరు, ఏదో సూక్ష్మక్రిమి వల్ల వచ్చిన చిన్న వాపు అని కొందరు.

జవాబు వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాల నుంచి వచ్చింది. అక్కడ న్యూరోసర్జన్లు మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్ ఇలాంటి మచ్చలను కొందరిలో తీసి సూక్ష్మదర్శిని కింద పరీక్షింపజేశారు. కనిపించినది క్షయ కాదు. ఎక్కువమందిలో బద్దెపురుగు డింభకం, లేదా అది చచ్చి కరిగిపోతున్న అవశేషం. 1989లో 'లాన్సెట్' పత్రికలోనూ, 1991లో మరింత వివరంగానూ వాళ్ళు ఈ సంగతి ప్రకటించారు.

బద్దెపురుగు జీవిత చక్రం మీరు జంతుశాస్త్రంలో చదివే ఉంటారు. టీనియా సోలియం. సరిగా ఉడకని పంది మాంసంలోని డింభకం మనిషి పేగులో చేరి పెద్ద పురుగవుతుంది. దాని గుడ్లు మలంతో బయటికి వస్తాయి. పంది వాటిని తింటే పంది కండరాల్లో డింభకాలు ఏర్పడతాయి. పరీక్షల్లో ఇంతవరకు రాస్తే మార్కులు వస్తాయి గాని, మన కథకు కావలసింది ఆ తర్వాతి మలుపు. ఆ గుడ్లు పంది బదులు మనిషి కడుపులోకి వెళితే? అప్పుడు డింభకం మనిషి కండరాల్లో, కంట్లో, మెదడులో గూడు కట్టుకుంటుంది. బతికి ఉన్నంతకాలం అది శరీర రక్షణ వ్యవస్థ కన్నుగప్పి, చాలాసార్లు ఏ గొడవా చేయకుండా సంవత్సరాలు ఉండగలదు. అది చచ్చేటప్పుడే శరీరం దాన్ని గుర్తిస్తుంది. చుట్టూ వాపు వస్తుంది, ఫిట్స్ వస్తాయి. ఇంట్లోవాళ్ళు గాభరాగా పిల్లవాణ్ణి ఎయిమ్స్‌కు తీసుకొచ్చేసరికి పురుగు కథ ముగింపుకు వచ్చేసింది. సి.టి.లో ఉంగరంలా మెరిసింది ఆ ఆఖరి ఘట్టం.

ఇంతకాలం ఇది ఎవరికీ ఎందుకు తట్టలేదు? పూర్తిగా తట్టకపోలేదు. భారతదేశంలో పనిచేసి తిరిగి వెళ్ళిన బ్రిటిష్ సైనికుల్లో ఈ జబ్బు వల్ల మూర్ఛ వస్తోందని 1930లలోనే మెకార్తర్ అనే సైనిక వైద్యుడు గుర్తించాడు. 1961లో డిక్సన్, లిప్స్‌కోంబ్ అలాంటి 450 మంది చరిత్రలను పుస్తకంగా ప్రచురించారు. అందులో ఎక్కువమంది భారతదేశంలో ఉండి వెళ్ళినవాళ్ళే. అంటే ఈ నేల మీద సోకిన జబ్బును లండన్‌లో లెక్కపెట్టారు. మన దగ్గర మాత్రం 'పంది మాంసం తినని వాళ్ళకు ఇదెలా వస్తుంది?' అన్న ఆలోచన అడ్డుపడింది. హర్యానా పల్లెల్లో శాకాహారులు చాలా ఎక్కువ. కాని గుడ్లు రావడానికి మాంసం అక్కర్లేదని ఇప్పుడే చూశాం. కడుపులో పురుగున్న మనిషి చేతులు సరిగా కడుక్కోకుండా వంట చేసినా చాలు. ఆ గుడ్లున్న మురుగునీటితో తడిసిన ఆకుకూర కడగకుండా పచ్చిగా తిన్నా చాలు. ఉత్తరాదిన చాలామంది క్యాబేజీలో పుట్టే పురుగే మెదడుకు ఎక్కుతుందని నమ్మి ఆ కూరనే మానేస్తారు. పాపం క్యాబేజీ చేసిన తప్పేమీ లేదు, మట్టిలో, నీటిలో కలిసిన మలానిదే దోషం. 1992లో న్యూయార్క్‌లో పంది మాంసం ముట్టని యూదు కుటుంబాల్లో ఇదే జబ్బు కనిపించింది. ఇళ్ళలో వంట పనికి, పిల్లల్ని చూసుకోవడానికి వచ్చినవాళ్ళ ద్వారా గుడ్లు చేరినట్టు పరిశోధకులు తేల్చారు.

సరే, పురుగు అని తేలింది. ఇకమీదట వచ్చే ప్రతి రోగికీ పుర్రె తెరిచి చూడలేం కదా! 1993లో రాజశేఖర్ బృందం ఒక కొలబద్ద ప్రతిపాదించింది. మచ్చ ఒక్కటే ఉండి, 20 మిల్లీమీటర్లకు మించకుండా, మెదడును పక్కకు నెట్టకుండా ఉంటే, రోగికి ఫిట్స్ తప్ప రోజురోజుకూ ముదిరే బలహీనత గాని, పుర్రె లోపల ఒత్తిడి పెరిగిన లక్షణాలు గాని లేకపోతే, అది చాలావరకు పురుగు మచ్చ. అంతకన్నా పెద్దదైతే, ఆకారం వంకరటింకరగా ఉంటే క్షయ గురించి, ఇతర గడ్డల గురించి ఆలోచించాలి. 1997లో వాళ్ళే కొత్త రోగుల మీద ఈ కొలబద్దను మళ్ళీ పరీక్షించారు, అది నిలబడింది. ఒక స్కేలుతో కొలవగలిగిన విషయం ఎందరి తలలకో కోత తప్పించింది. వైద్య చరిత్రలో దీనికి రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం.

చికిత్స సంగతి అంత సూటిగా తేలలేదు. పురుగును చంపే ఆల్బెండజోల్ ఇవ్వాలా వద్దా? చస్తున్న పురుగును మళ్ళీ చంపడం దేనికి అని ఒక వాదన. 1994లో ఎయిమ్స్‌లో పద్మ, బెహారి, మిశ్రా, అహుజా కొందరికి అసలు మందు, కొందరికి ఉత్తి మాత్ర ఇచ్చి పోల్చినప్పుడు పెద్ద తేడా కనిపించలేదు. 1998లో చండీగఢ్‌లో పిల్లల మీద జరిగిన పరిశోధనలో మందు తీసుకున్నవాళ్ళలో మచ్చ త్వరగా పోయింది. 2017లో అమెరికా నిపుణుల సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాలు కొద్ది రోజుల ఆల్బెండజోల్‌తో పాటు వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇవ్వమంటున్నాయి. ఫిట్స్ మందు ఎలాగూ తప్పదు. ఇవన్నీ వైద్యుడు నిర్ణయించవలసినవి, మనం కాదు. మనకు కావలసింది ఇంకొకటి. కొన్ని నెలలు ఆగి మళ్ళీ స్కాన్ తీయడం అనేది వైద్యుల చేతిలో ఒక పరీక్షా సాధనంగా మారింది. 'ఆరు నెలల తర్వాత రండి' అంటే వైద్యుడు పట్టించుకోలేదని చాలామంది బాధపడతారు. ఆ మాట వెనుక పదేళ్ళ పరిశోధన ఉండి ఉండవచ్చు.

ఢిల్లీ మచ్చల కథ లాంటిదే తర్వాత ఎన్నో అవయవాల విషయంలో నడిచింది. 1986లో ఢిల్లీ తిమార్‌పూర్‌లోని రక్షణశాఖ పరిశోధనశాల ఇన్మాస్‌లో దేశంలోకెల్లా మొదటి ఎం.ఆర్.ఐ. యంత్రం వచ్చింది. ఎం.ఆర్.ఐ. వెన్నెముకల మధ్య డిస్కులను అద్భుతంగా చూపిస్తుంది. 'డిస్క్ ఉబ్బింది' అన్న రిపోర్టు చదివి జీవితాంతం బరువెత్తడం మానేసిన వాళ్ళు మీ బంధువుల్లోనూ ఉండవచ్చు. 1994లో అమెరికాలో నడుంనొప్పి బొత్తిగా లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీస్తే 52 శాతం మందిలో ఏదో ఒక డిస్కు ఉబ్బి ఉంది. 2007లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డాంలో ఏ ఫిర్యాదూ లేని 2,000 మంది మెదళ్ళను చూశారు. 7.2 శాతం మందిలో తమకు తెలియకుండానే వచ్చిపోయిన చిన్న పక్షవాతపు గుర్తులు, 1.8 శాతం మందిలో రక్తనాళపు ఉబ్బు, 1.6 శాతం మందిలో హాని తక్కువైన గడ్డలు బయటపడ్డాయి. ఆరోగ్యవంతుల్ని కూడా చూస్తే గాని ఆరోగ్యం అంటే ఎలా ఉంటుందో తెలియదన్నమాట! ఇలా అనుకోకుండా కనబడే గడ్డలకు 1982లోనే ఇద్దరు అమెరికా వైద్యులు 'ఇన్సిడెంటలోమా' అని సగం వేళాకోళంగా పేరు పెట్టారు. ఆ పేరు నిలిచిపోయింది.

దక్షిణ కొరియా అనుభవం వేళాకోళం కాదు. అక్కడ 1999 నుంచి పెద్ద ఎత్తున క్యాన్సర్ పరీక్షలు మొదలయ్యాయి. వాటితో పాటు కొద్ది డబ్బుకే మెడకు అల్ట్రాసౌండ్ కూడా తీసేవారు. 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ అని తేలినవాళ్ళు 15 రెట్లు పెరిగారు. ఆ జబ్బుతో చనిపోయేవాళ్ళ సంఖ్య మాత్రం పెరగలేదు, తగ్గలేదు. అంటే పెరిగింది జబ్బు కాదు, వెతుకులాట. ఎక్కువమందికి ఆపరేషన్ చేసి గ్రంథి తీసేశారు. వాళ్ళిక రోజూ హార్మోను మాత్ర వేసుకోవాలి.

ఇదంతా విని స్కాన్‌లే దండగ అనుకుంటే మళ్ళీ పొరపాటే. 2011లో అమెరికాలో 53,000 మందికి పైగా పొగతాగేవాళ్ళ మీద జరిగిన పరిశోధనలో, తక్కువ మోతాదు సి.టి. తీయించుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. అదే పరిశోధనలో అనుమానాస్పదంగా కనిపించిన వాటిలో 96.4 శాతం క్యాన్సర్ కాదు. రెండూ నిజాలే. మీ గణితం పాఠంలోని సంభావ్యత ఇక్కడ మనిషి ప్రాణంతో ముడిపడి ఉంది. అందుకే ఊపిరితిత్తుల్లో కనిపించే చిన్న గడ్డలకు ఫ్లైష్నర్ సొసైటీ అనే సంస్థ 2005లో నియమాలు రాసి, 2017లో సవరించింది. పొగతాగడం వంటి ప్రమాదం లేని పెద్దవాళ్ళలో 6 మిల్లీమీటర్ల లోపు గట్టి గడ్డను మామూలుగా మళ్ళీ మళ్ళీ వెంటాడనక్కర్లేదని అది చెబుతుంది. మళ్ళీ మళ్ళీ తీయడానికీ ఖర్చు ఉంది మరి. ఒకసారి తలకు సి.టి. తీస్తే సుమారు 2 మిల్లీసీవర్టుల వికిరణం. ఏడాది పొడవునా ప్రకృతి నుంచి మనకు చేరేది సగటున 2.4.

ఇంట్లో ఎవరికైనా అలాంటి కవరు వస్తే మీరు చేయగలిగిన పని ఒకటుంది. పాత స్కాన్ ఫిల్ములు వెతికి వైద్యుడి దగ్గరకు పట్టుకెళ్ళండి. అయిదేళ్ళ కిందట కూడా అదే చోట, అదే కొలతలో మచ్చ ఉంటే, ఆ పాత ఫిల్ము కొత్త యంత్రం చెప్పలేని సంగతి చెబుతుంది. రిపోర్టు చివర 'రోగి లక్షణాలతో సరిపోల్చుకోవలెను' అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. చాలామంది దాన్ని ముద్రించిన మర్యాద వాక్యం అనుకుంటారు. బొమ్మ చూసిన రేడియాలజిస్టు చాలాసార్లు రోగిని చూసి ఉండడు, రోగిని చూసిన వైద్యుడు ఆ మచ్చను చూడలేదు, ఇద్దరి సమాచారం కలిస్తే గాని అర్థం తేలదని దాని భావం.

ఇక ఆ పురుగు మచ్చ చివరికి ఏమవుతుంది? చాలామందిలో ఆనవాలు లేకుండా పోతుంది. కొందరిలో సున్నం పేరుకుని ఆవగింజంత తెల్లని చుక్కగా జీవితాంతం మిగిలిపోతుంది. అలా మిగిలినవాళ్ళలో కొందరికి మళ్ళీ ఫిట్స్ రావచ్చు, చాలామందికి ఏమీ కాదు. అసలు ఫిట్స్ ఎప్పుడూ రానివాళ్ళలో కూడా ఆ చుక్క ఉంటుంది. ఇవాళ ఢిల్లీ చుట్టుపక్కల ఎవరైనా మోటారుసైకిలు మీంచి పడి తలకు దెబ్బ తగిలితే ముందు సి.టి. తీస్తారు. దెబ్బ వల్ల రక్తస్రావం లేదని రాశాక, రేడియాలజిస్టు ఆ తెల్లని చుక్కను చూసి 'పాత సున్నపు మచ్చ' అని ఒక వాక్యం చేరుస్తాడు. తనకు అది నలభై ఏళ్ళుగా తెలిసిన విషయం. కవరు తెరిచిన ఇంటివాళ్ళకు మాత్రం అది ఆ సాయంత్రమే తెలుస్తుంది.